రూపాయల్లో లెక్కేసి చెప్పిన అంకె

ఇంట్లో సిగ్నల్ సరిగా రాదని మేడ మీదకెళ్లి, నీళ్ల ట్యాంకు పక్కన నిలబడి మాట్లాడుతున్నాను. 2024 ఫిబ్రవరి. మ్యూనిక్‌లోని ఒక కంపెనీ రిక్రూటర్‌తో మొదటి కాల్. ఇరవై నిమిషాలు నా అనుభవం గురించి, ప్రాజెక్టుల గురించి అడిగి, చివర్లో మామూలుగా అడిగినట్టే అడిగింది, జీతం ఎంత ఆశిస్తున్నారని.

జవాబు నా దగ్గర సిద్ధంగా ఉంది. ముందు రోజు రాత్రే ఎక్సెల్ తెరిచి లెక్క వేసి పెట్టుకున్నాను. నా సీటీసీ, అంటే ఏడాదికి కంపెనీ నా మీద పెట్టే మొత్తం ఖర్చు, 24 లక్షలు. యూరోకు తొంభై రూపాయలు. రెండింతలు వస్తే చాలు, ఇల్లూ వాకిలీ వదిలి వెళ్లినందుకు గిట్టుబాటు అవుతుంది. 48 లక్షలంటే 53 వేల చిల్లర. బేరం ఆడతారేమోనని ఇంకో వెయ్యిన్నర కలిపి రౌండ్ ఫిగర్ చేశాను.

"ఫిఫ్టీ ఫైవ్ థౌజండ్" అన్నాను, కొంచెం ఎక్కువే అడుగుతున్నానేమో అన్న బెరుకుతో.

అవతల కీబోర్డు మీద టకటకమని చప్పుడు. "దానికేం ఇబ్బంది లేదు" అంది. ఒక్క క్షణం కూడా ఆగలేదు. ఆలోచించలేదు, మేనేజర్‌ను అడుగుతానని అనలేదు. కూరగాయల బండి దగ్గర మనం చెప్పిన ధరకు అమ్మేవాడు నోరెత్తకుండా సంచిలో వేసేస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. కాల్ పెట్టేశాక సంతోషం కంటే ముందు అనుమానమే వచ్చింది.

మా పాత టీమ్‌లో నాకంటే సీనియర్ ఒకాయన ఆరేళ్లుగా మ్యూనిక్‌లోనే ఉంటున్నాడు. ఆ రాత్రే ఫోన్ చేశాను.

"ఎంత చెప్పావురా?"

"యాభై ఐదు అన్నా."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఎనిమిదేళ్ల ఎక్స్‌పీరియన్స్‌కి, మ్యూనిక్‌లో, పెళ్లాం బిడ్డతో?" అన్నాడు. "రూపాయల్లో గుణించావా?"

గుణించానని ఒప్పుకున్నాను.

ఆ రాత్రి గంటన్నర సేపు ఆయన చెప్పిందంతా నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఇంటర్వ్యూల కోసం చదివిన సిస్టమ్ డిజైన్ కంటే నాకు ఎక్కువ పనికొచ్చింది ఆ మూడు పేజీలే.

మొదట చెప్పింది సీటీసీ గురించి. మన సీటీసీలో కంపెనీ కట్టే పీఎఫ్ వాటా, గ్రాట్యుటీ, బీమా అన్నీ కలిసే ఉంటాయి. జర్మనీలో చెప్పే అంకె 'బ్రుటో', అంటే కోతలకు ముందున్న జీతం. పెన్షన్‌కూ ఆరోగ్య బీమాకూ కంపెనీ కట్టే వాటా అందులో ఉండదు, దాని పైన కడతారు. కాబట్టి సీటీసీని బ్రుటోతో పోల్చడమే తప్పు. ఇక చేతికొచ్చేది 'నెటో'. పెన్షన్‌కు 9.3 శాతం, నిరుద్యోగ బీమాకు 1.3 శాతం, ఆరోగ్య బీమాకు ఎనిమిది శాతం పైన, వృద్ధాప్యంలో సంరక్షణ కోసం ఇంకో బీమా, ఆ తర్వాత ఆదాయపు పన్ను. ఈ పన్ను అందరికీ ఒకేలా కోయరు. 'ష్టొయర్‌క్లాసె' అని పన్ను తరగతులు ఉంటాయి. ఒంటరివాళ్లకు 1. పెళ్లై, ఇద్దరిలో ఒకరే సంపాదిస్తుంటే ఆ ఒకరు 3 తీసుకోవచ్చు. అందులో కోత బాగా తక్కువ.

ఆన్‌లైన్‌లో బ్రుటో-నెటో కాలిక్యులేటర్లు బోలెడున్నాయి. ఒకదాంట్లో 55,000 వేసి, 3వ తరగతి, ఒక బిడ్డ అని పెట్టి చూశాను. నెలకు దాదాపు 3,280 యూరోలు వచ్చింది. "పర్లేదు కదా అన్నా" అన్నాను.

"అద్దె ఎంతనుకుంటున్నావ్?"

అద్దె రెండు రకాలు. 'కాల్ట్' అంటే ఉత్త గోడలకు, 'వార్మ్' అంటే హీటింగ్, నీళ్లు, మెయింటెనెన్స్ కలిపి. వాళ్లు రెండు గదుల ఇల్లు అంటే మన సింగిల్ బెడ్‌రూమే. ఒక పడకగది, ఒక హాలు. మ్యూనిక్‌లో అలాంటిది వార్మ్ 1,700లోపు దొరికితే పండగ చేసుకోమన్నాడు. దానికి ముందు అడ్వాన్సు. చట్టం ప్రకారం మూడు నెలల కాల్ట్ అద్దె మించకూడదు, మూడు వాయిదాల్లో కట్టే హక్కు కూడా ఉంది. కానీ ఇంటి కోసం యాభై మంది క్యూలో ఉన్నప్పుడు వాయిదాలు అడిగేవాడికి తాళాలు ఇవ్వరు. చాలా ఇళ్లలో వంటగది ఖాళీగా ఉంటుంది, సింకుతో సహా మనమే కొనుక్కోవాలి. ఇదే 55 వేలు, అద్దెలు తక్కువుండే లైప్‌జిగ్‌లో అయితే మాటే వేరని ఆయనే అన్నాడు. అంటే నేను యాభై ఐదు అన్నప్పుడు అది ఏ ఊరి యాభై ఐదో నాకే తెలియదు.

ఇక్కడ ఇంకో సంగతి. అదే నెలలో ఒక కన్సల్టెన్సీ కూడా నన్ను పిలిచింది. వాళ్ల ఆఫర్ 45,500. ఈ అంకె ఎక్కడి నుంచి ఊడిపడిందో అప్పుడు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. చదువుకున్న విదేశీ ఉద్యోగులకు ఇచ్చే నివాస అనుమతి యూరోపియన్ యూనియన్ బ్లూ కార్డు. 2024లో దానికి జర్మనీ పెట్టిన మామూలు కనీస జీతం 45,300 యూరోలు. ఐటీ లాంటి కొరత ఉన్న ఉద్యోగాలకు 41,041.80. కార్డు రావడానికి ఇంతైనా ఉండాలని ప్రభుత్వం గీసిన గీత అది. నా పనికి మార్కెట్లో ఉన్న ధరతో దానికి సంబంధం లేదు. ఆ గీతకు రెండొందలు పైన ఆఫర్ వచ్చిందంటే, వాళ్లు లెక్కేసింది నా అనుభవాన్ని కాదు, వీసా ఫారాన్ని.

సరే, నోరు జారింది. ఇప్పుడేం చేయాలి?

"మొదటి మాటే చివరి మాట కాదు. కానీ వెనక్కి తీసుకోవాలంటే కారణం కావాలి, రేటు తెలియక చెప్పానంటే కుదరదు" అన్నాడు అన్న. జర్మనీ ఉపాధి సంస్థ నడిపే 'ఎంట్‌గెల్ట్‌అట్లాస్' అనే సైట్ చూపించాడు. ఏ ఉద్యోగానికి, ఏ రాష్ట్రంలో మధ్యస్థ జీతం ఎంతో అందులో ఉంటుంది. ఉద్యోగులు తమ జీతాలు రాసిపెట్టే కునూను, గ్లాస్‌డోర్ సైట్లలో ఆ కంపెనీ పేరుతో వెతికాను. వీటిలో కనిపించే అంకెల్ని కళ్లు మూసుకుని నమ్మడానికి లేదు, పాతవీ కొత్తవీ కలిసిపోయి ఉంటాయి. అయినా పదిహేను ఎంట్రీలు వరసగా చూస్తే ఒక ఆకారం తేలింది. ఆ కంపెనీలో సీనియర్ లెవెల్‌కు అరవై నాలుగు నుంచి డెబ్భై ఆరు దాకా ఉన్నట్టుంది. మిడ్ లెవెల్ యాభై నాలుగు దగ్గర మొదలు. నేను చెప్పిన అంకె నన్ను తిన్నగా మిడ్ లెవెల్ గుమ్మంలో కూర్చోబెట్టింది.

రెండో రౌండ్ అయ్యాక దారి దొరికింది. ఆ ఇంటర్వ్యూలో టీమ్ లీడ్ మాటల్లో, ఈ పోస్టులో ఇద్దరు జూనియర్లను చూసుకోవాలని, ఆన్‌కాల్, అంటే పని వేళలు దాటాక కూడా పిలిస్తే పలకడం, కూడా ఉంటుందని బయటపడింది. మొదటి కాల్‌లో ఇవేవీ లేవు. ఆ సాయంత్రమే రిక్రూటర్‌కు మెయిల్ పెట్టాను. పది సార్లు రాసి చెరిపాను. చివరికి మిగిలింది నాలుగు వాక్యాలు. మొదటి కాల్‌లో చెప్పిన అంకె పోస్టు వివరాలు పూర్తిగా తెలియక ముందు చెప్పింది, ఇప్పుడు బాధ్యతలు చూస్తే ఇది సీనియర్ స్థాయి అనిపిస్తోంది, మ్యూనిక్‌లో ఈ స్థాయికి ఉన్న జీతాలు చూశాక నా అంచనా 68 నుంచి 74 వేలు, ఈ పోస్టుకు మీరు అనుకున్న పరిధి చెబితే ఇద్దరికీ సమయం కలిసొస్తుంది. అంతే. క్షమాపణలు రాయలేదు. రాయాలని చెయ్యి చాలా లాగింది.

రెండు రోజులు జవాబు లేదు. ఆ రెండు రోజులూ నాకు నిద్ర లేదు. మా ఆవిడ మాత్రం "మొదటిదానికి ఒప్పుకుని వెళ్లి అక్కడ ఏడ్చే కంటే, ఇక్కడే పోతే పోయింది" అంది. మూడో రోజు పొడిపొడిగా జవాబు వచ్చింది. మా పరిధి పై అంచు 70, తర్వాతి రౌండ్ గురువారం, అని. పరిధి చెప్పేశారు! అడిగితే చెబుతారని నాకు అంతకుముందు తట్టనే లేదు. ఇప్పుడైతే యూరోపియన్ యూనియన్ 2023లో చేసిన జీతాల పారదర్శకత ఆదేశం ఉంది. ఇంటర్వ్యూకు ముందే జీతం పరిధి చెప్పాలి, పాత జీతం ఎంతని అడగకూడదు అన్నవి అందులో ఉన్నాయి. సభ్య దేశాలు దాన్ని తమ చట్టాల్లోకి తెచ్చుకోవడానికి పెట్టిన గడువు 2026 జూన్. నేను బేరమాడిన రోజుల్లో అది ఇంకా కాగితం మీదే ఉంది.

మిగతా ఇంటర్వ్యూల గురించి చెప్పడానికేమీ లేదు, అన్నిచోట్లా ఉండేవే. ఏప్రిల్‌లో ఆఫర్ కాల్ వచ్చింది. ఈసారి మేడ మీదకు పోలేదు. పక్కింటివాళ్ల వైఫై అడుక్కుని, నోట్‌బుక్ ముందు పెట్టుకుని కూర్చున్నాను. హెచ్ఆర్ ఆవిడ చెప్పిన అంకె 62,000.

అన్న ముందే చెప్పి ఉంచాడు, అంకె విన్నాక థ్యాంక్స్ చెప్పి మూడు సెకన్లు నోరు మూసుకోమని. మూసుకున్నాను. మనకు ఆ మూడు సెకన్లు చాలా కష్టం. మౌనంగా ఉంటే అవతలివాళ్లు బాధపడతారేమోనని మనమే ఏదో ఒకటి అనేస్తాం. ఈసారి ఆవిడే అంది, "వీసా ఖర్చులు, రీలొకేషన్ మేమే చూసుకుంటున్నాం, అది కూడా మీరు పరిగణనలోకి తీసుకోవాలి."

రెండు నెలల ముందైతే ఈ మాటకు తల వంచేసేవాణ్ని. వీసా స్పాన్సర్ చేయడమంటే కొండంత ఉపకారమన్న భయం మనకు హెచ్-1బి నుంచి అంటుకుంది. లాటరీ, లాయర్లు, వేల డాలర్ల ఫీజులు. జర్మన్ బ్లూ కార్డుకు లాటరీ లేదు, కోటా లేదు. జీతం మామూలు పరిమితి దాటితే ఉపాధి సంస్థ అనుమతి కూడా అక్కర్లేదు. వీసా ఫీజు 75 యూరోలు. కంపెనీ తొందరపెట్టాలనుకుంటే ఫాస్ట్ ట్రాక్ దరఖాస్తుకు 411. నా బీటెక్ యూనివర్సిటీకి విదేశీ చదువుల గుర్తింపు చూసే 'అనాబిన్' అనే జర్మన్ డేటాబేస్‌లో హెచ్ ప్లస్, అంటే గుర్తింపు ఉన్నదన్న ముద్ర, ఉందని నేనే చూసి ప్రింటు తీసిపెట్టుకున్నాను, దాని పనీ వాళ్లకు లేదు. ఇదంతా ఆవిడతో వాదించలేదు, వాదిస్తే చెడేది. మనసులో ఉంచుకుంటే గొంతు వణకదు, అంతవరకే దాని ఉపయోగం.

"రీలొకేషన్‌కు చాలా థ్యాంక్స్. అది ఒకసారి అయ్యే ఖర్చు కాబట్టి విడిగా చూద్దాం. మూల జీతం మాత్రం ఈ బాధ్యతలకు 70 అనుకున్నాను" అన్నాను. మేనేజర్‌తో మాట్లాడి చెబుతానంది.

మర్నాడు 65 అన్నారు. నేను 67 అన్నాను. 66 దగ్గర ఆగింది. ఇంకొక్క వెయ్యి కోసం లాగాలనిపించింది, కానీ కాలిక్యులేటర్‌లో చూస్తే ఏడాదికి వెయ్యి బ్రుటో అంటే నెలకు చేతికొచ్చేది యాభై యూరోల పైన. దానికోసం లాగడం మానేసి మిగతావాటి మీద పడ్డాను. ఆ నిర్ణయం మంచిదేనని ఇప్పటికీ అనుకుంటున్నాను. 62కి నెలకు 3,620 వచ్చే చోట 66కి దాదాపు 3,840 వస్తుంది. తేడా రెండొందల ఇరవై. మా అబ్బాయి కిండర్‌గార్టెన్, వాడి చలి బట్టలు, రెండూ అందులో వెళ్లిపోతాయి.

మిగతావంటే ఇవి. రీలొకేషన్‌కు 4,000 యూరోలు చేతికిస్తామన్నారు. అలా ఇస్తే అది జీతంలో కలిసి పన్ను పడుతుంది. విమాన టికెట్లు, సామాను బిల్లులు పెడితే రీయింబర్స్ చేస్తామన్నట్టు మార్పించుకున్నాను. అప్పుడు ఆ కోత ఉండదు. మొదటి ఆరు వారాలు ఫర్నిష్‌డ్ ఫ్లాట్ ఇవ్వమన్నాను, నాలుగు వారాలకు ఒప్పుకున్నారు. సెలవులు 28 ఉంటే 30 చేశారు, దానికి ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. వారానికి ఐదు రోజుల పనికి చట్టం ఇచ్చే కనీసం 20 రోజులేనట. మంచి కంపెనీలన్నీ 28, 30 ఇస్తాయి కాబట్టి అది వాళ్లకు పెద్ద విషయం కాదు. జర్మన్ క్లాసుల ఫీజు కూడా అడిగాను, ఇచ్చారు. ఇది అన్న సలహా. బ్లూ కార్డు మీద ఉన్నవాళ్లకు బి1, అంటే మధ్య స్థాయి జర్మన్ వస్తే 21 నెలలకే శాశ్వత నివాసం అడగొచ్చు, మొదటి మెట్టు ఏ1 మాత్రమే ఉంటే 27 నెలలు.

కాంట్రాక్టు పీడీఎఫ్ జర్మన్‌లోనూ ఇంగ్లిష్‌లోనూ వచ్చింది. కింద సన్న అక్షరాల్లో, చెల్లేది జర్మన్ ప్రతే అని. గూగుల్‌లో వేసి, అర్థం కానివి అన్నకు పంపి, రెండు రాత్రులు కూర్చున్నాను. ఒక చోట ఆగిపోయాను. 24 నెలల్లోపు నేనుగా మానేస్తే రీలొకేషన్ డబ్బంతా తిరిగి కట్టాలి. ఇరవై మూడో నెలలో మానేసినా మొత్తం! దాన్ని 12 నెలలకు, పని చేసిన నెలల మేరకు తగ్గేలా మార్చమని రాశాను. ఇదే ముందు అడిగి ఉంటే ఎక్కువ అడుగుతున్నాడని అనుకునేవాళ్లేమో. ఎవరికీ అభ్యంతరం లేనట్టు మార్చి పంపారు. 'ప్రోబెట్సైట్', అంటే ఆరు నెలల పరిశీలన కాలం, అందులో ఎవరైనా రెండు వారాల నోటీసుతో తెంచుకోవచ్చు. ఇల్లు వదిలి వచ్చేవాణ్ని, దీన్ని మూడు నెలలకు తగ్గిస్తారా అని అడిగితే మాత్రం కుదరదన్నారు. దాని బదులు పరిశీలన కాలం ముగిశాక జీతం సమీక్ష జరుగుతుందని ఒక వాక్యం చేర్చమన్నాను. చేర్చారు. ఆ రోజు గెలిచినట్టే అనిపించింది.

పాత కంపెనీలో నా నోటీసు 90 రోజులు. ఇక్కడ 90 రోజులంటే వాళ్లకు వింతేమీ కాదు, వాళ్ల దగ్గరా మూడు నెలల నోటీసులు మామూలే. సెప్టెంబరులో చేరాను.

మొదటి నెల జీతం స్లిప్ చూసి గుండె జారింది. 3,840 రావాల్సింది, 3,400 ఉంది. పేరోల్ తప్పు చేసిందనుకుని మెయిల్ కూడా టైప్ చేశాను. పంపే ముందు ఒకసారి స్లిప్‌లో పై వరస చూస్తే, పన్ను తరగతి 1. పెళ్లైనా సరే, భార్య భారతదేశంలో ఉన్నంతకాలం నేను వాళ్ల దృష్టిలో ఒంటరివాణ్నే. నేను బేరమంతా 3వ తరగతి లెక్కతో ఆడాను, మా ఆవిడా అబ్బాయీ వచ్చేదేమో డిసెంబరులో. బిడ్డ జనన ధ్రువపత్రం ఇవ్వనందుకు సంరక్షణ బీమాలో పిల్లలు లేనివాళ్లు కట్టే అదనపు వాటా కూడా కోశారు. నాలుగు నెలలకు నెలకు నాలుగు వందల పైచిలుకు లోటు. ఇక్కడ అద్దె, అక్కడ ఇంటి ఖర్చు, రెండూ నడిచిన నెలలు అవే. నేను హెచ్ఆర్‌ను సైనింగ్ బోనస్, అంటే చేరేటప్పుడు ఒకసారి ఇచ్చే డబ్బు, అడగాల్సింది సరిగ్గా ఈ నాలుగు నెలల కోసం. ఆ పదమే నోట్లోంచి రాలేదు.

డిసెంబరు రెండో వారంలో మా ఆవిడ, అబ్బాయి దిగారు. బ్లూ కార్డు మీద వచ్చిన భార్యకు భాషా పరీక్ష అడగరు, వచ్చిన రోజు నుంచే ఉద్యోగం చేసుకోవచ్చు. నా ఆరోగ్య బీమా కిందే ఇద్దరికీ వేరే డబ్బు కట్టకుండా వచ్చింది. చిరునామా నమోదు ఫారంలో మతం గడి ఉంటుంది. అక్కడ క్యాథలిక్ అనో ప్రొటెస్టెంట్ అనో రాస్తే చర్చి పన్ను పడుతుంది. మా ఆవిడ ఆ గడిని చూసి, "దేవుడికి కూడా స్లిప్‌లోనే కోస్తారా" అని నవ్వింది. పెళ్లి పత్రానికి జర్మన్ అనువాదం, పన్ను ఆఫీసుకు దరఖాస్తు, ఎదురుచూపు. ఫిబ్రవరి స్లిప్‌లో 3 అని పడింది. చేతికి 3,800 చిల్లర. 2025 జనవరి నుంచి బీమాల రేట్లు పెరిగినందుకు అనుకున్న దానికి కొంచెం తక్కువే. 2024కు ఇద్దరం కలిపి రిటర్న్ వేస్తే, కోసిన దాంట్లో కొంత తర్వాత తిరిగొచ్చింది.

మార్చిలో పరిశీలన కాలం ముగిసింది. కాంట్రాక్టులో రాయించుకున్న వాక్యం పట్టుకుని మేనేజర్‌ను సమయం అడిగాను. ఆయన పది నిమిషాలు కేటాయించాడు. పని బాగుందన్నాడు, జూనియర్లు సంతోషంగా ఉన్నారన్నాడు. జీతం సంగతి డిసెంబరు సైకిల్‌లో అందరితో పాటు చూద్దామన్నాడు. ఇంటికొచ్చి పీడీఎఫ్ తెరిచి ఆ వాక్యం మళ్లీ చదివాను. 'సమీక్ష జరుగుతుంది' అని ఉంది. జరిగింది. పెంచుతారని ఎక్కడా లేదు. ఆ వాక్యం టైప్ చేసి పంపింది నేనే.